లిస్టులో లేదు, కంప్యూటర్లో ఉంది

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే. తెలుగులో చివరిసారి రెండు పేజీలు రాసింది టెన్త్ పబ్లిక్ పరీక్షలో. కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు అటూ ఇటూ అయితే నవ్వుకుని చదివేయండి. విషయం మాత్రం నవ్వేది కాదు. మా ఇంట్లో కంప్యూటర్ వల్ల ఒక మనిషి మాట పడ్డాడు. తప్పు నాది.

2025 జనవరి 11, శనివారం. సంక్రాంతి సెలవులకి ముందురోజు రాత్రే తెనాలి చేరా. పొద్దున టిఫిన్ కూడా అవకముందే నాన్న మొదలుపెట్టారు. "ఏరా, ప్రింటర్ పనిచెయ్యట్లేదు, కొట్టు బిల్లులు జిరాక్స్ షాపులో తీయించుకుంటున్నా, నువ్వు చదివేది కంప్యూటర్లే కదా, చూడు." మాది ఎరువుల కొట్టు. లెక్కలన్నీ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ట్యాలీలో ఉంటాయి. 2019లో కొన్నది, విండోస్ 10.

నా మొదటి అనుమానం అప్‌డేట్ మీదకి పోయింది. ఆ అనుమానంలో తప్పేం లేదు. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపాన్ని మూయడానికి అప్‌డేట్ వచ్చినప్పుడు కొన్ని రకాల ప్రింటర్లు నిజంగానే మొరాయించాయి. సరే, ఈ మధ్య ఏం పడ్డాయో చూద్దామని సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచా.

లిస్ట్ 2024 అక్టోబర్ 14తో మొదలైంది. అంతకు ముందు ఒక్కటంటే ఒక్కటీ లేదు. అయిదేళ్ళ కంప్యూటర్‌కి మూడు నెలల చరిత్ర!

"అక్టోబర్‌లో దీనికి ఏమైనా అయిందా నాన్నా?" అని అడిగా. దసరా ముందు కంప్యూటర్ ఆన్ అవ్వడం మానేసిందట. మా వీధి చివర రిపేర్ షాపు అన్న దగ్గర ఇస్తే ఎస్‌ఎంపీఎస్ మార్చి రెండు రోజులకి, అక్టోబర్ 11న, తిరిగి ఇచ్చాడు.

అంతే. నా బుర్రలో చార్జ్‌షీట్ తయారైపోయింది. కంప్యూటర్ షాపుకి వెళ్ళింది, తిరిగొచ్చింది, వచ్చిన మూడో రోజు నుంచే హిస్టరీ ఉంది. అంటే విండోస్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాడు. లేదా హార్డ్‌డిస్కే మార్చేశాడు. అడగకుండా. అదే నాన్నకి చెప్పా. కాస్త స్టైల్‌గా, మధ్యలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు పెట్టి చెప్పా. నాన్నకి అర్థమైంది ఒకటే: డిస్క్ మార్చేశాడు.

సాయంత్రం నాన్న షాపుకి వెళ్ళి నలుగురి ముందు అడిగేశారు. నేను పక్కనే ఉన్నా. అన్న గట్టిగా వాదించలేదు. "మీ వాడు కంప్యూటర్ సైన్స్ కదా సార్, ఆయన్నే చూడమనండి" అని చేతిలో ఉన్న మదర్‌బోర్డు వైపు తిరిగిపోయాడు. లాక్‌డౌన్‌లో నా ఆన్‌లైన్ క్లాసులకి హెడ్‌ఫోన్స్ ఊరికే ఇచ్చిన మనిషి అతను.

ఆ మాట రాత్రంతా గుచ్చింది. ఆయన్నే చూడమనండి. సరే, చూశా. ఆదివారం మొత్తం దానికే పోయింది.

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా వెళ్తా. సీఎస్ఈ కానివాళ్ళు కూడా ఉండండి, పారిపోకండి.

మా తాతయ్య కొట్టు నడిపిన రోజుల్లో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, ఇంకోటి ఆవర్జా. చిట్టాలో ఏ రోజుది ఆ రోజు, జరిగింది జరిగినట్టు రాసేవారు. తర్వాత అందులోవి ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఎవరు ఎంత బాకీ అని చూడాలంటే ఆవర్జా తీస్తే చాలు. ఇక సరుకు సంగతి వేరు, అది గోడౌన్‌లో ఉంటుంది. ఆవర్జా ఎలకలు కొట్టేస్తే గోడౌన్‌లో యూరియా బస్తాలు మాయమవవు కదా.

విండోస్‌లోనూ అంతే. సెట్టింగ్స్‌లో మనం చూసే హిస్టరీ పేజీ ఆవర్జా లాంటిది. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో డౌన్‌లోడ్ అనేదాంట్లో దించుకున్న ఫైళ్ళు, డేటాస్టోర్ అనేదాంట్లో ఒక డేటాబేస్. ఆ డేటాబేస్ పోతే దాంతోపాటు హిస్టరీ లిస్ట్ కూడా పోతుంది. కానీ ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్లు ఇన్‌స్టాల్ అయ్యే ఉంటాయి. అవి అసలు సిస్టమ్ ఫైళ్ళలో కలిసిపోయాయి. లిస్ట్ ఖాళీ అంటే పుస్తకం పోయిందని అర్థం, సరుకు పోయిందని కాదు.

దీనికి రివర్స్ కూడా ఉంది, అది ఇంకా మోసం. ఒక అప్‌డేట్ పడ్డాక మనం దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశామనుకోండి. హిస్టరీ పేజీలో అది "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్" అనే ఉండొచ్చు. పడిన రోజు పడిందనేది నిజమే మరి. పుస్తకంలో ఉంది, గోడౌన్‌లో లేదు.

ఇదంతా ఎవడికి కావాలి అని మా రూమ్మేట్ అన్నాడు. 2017 మే 12 గుర్తు చేశా. వాన్నాక్రై వచ్చిన రోజు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల కంప్యూటర్లు లాక్ అయిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అది వాడుకున్న లోపానికి మందు రెండు నెలల ముందే, మార్చి 14నే, వచ్చేసింది. ఆ వారం సిస్టమ్ అడ్మిన్ అనేవాడికి కావాల్సింది ఒకే ఒక్క జవాబు: ఆ అప్‌డేట్ మన మెషీన్లలో పడిందా, లేదా? అలాంటప్పుడు ఖాళీ లిస్ట్ చూసి "పడలేదు" అనుకుంటే అనవసరంగా హడావిడి. నిండు లిస్ట్ చూసి "పడింది" అని నిద్రపోతే ఇంకా ప్రమాదం.

మరి నిజం ఎక్కడ చూడాలి? నేను ఆ ఆదివారం చూసిన వరసలోనే చెప్తా.

మొదట విన్‌వర్. స్టార్ట్‌లో ఆ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో కొడితే చిన్న బాక్స్ వస్తుంది. మా దాంట్లో 19045, చుక్క, 5247 అని ఉంది. ఆ చుక్క తర్వాత నంబరే అసలు సాక్షి. 5247 అంటే 2024 డిసెంబర్ నెల అప్‌డేట్. విండోస్ 10 నుంచి నెలవారీ అప్‌డేట్లు క్యుములేటివ్, అంటే ఈ నెలదాంట్లో ఇదే వెర్షన్ పాత నెలలవన్నీ కలిసే ఉంటాయి. కాబట్టి లిస్ట్‌లో సెప్టెంబర్ కనపడకపోయినా డిసెంబర్ ఉందంటే సెప్టెంబర్‌లో మూసిన లోపాలు కూడా మూసి ఉన్నట్టే. సెక్యూరిటీ గురించి కంగారు పడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నా కంగారు సెక్యూరిటీ గురించి కాదు కదా. డిస్క్ మారిందా, విండోస్ మళ్ళీ ఎక్కిందా అని.

పవర్‌షెల్‌లో గెట్ హాట్‌ఫిక్స్ అనే కమాండ్ కొట్టా. ఏడెనిమిది కేబీ నంబర్లే వచ్చాయి. "చూశావా, అయిదేళ్ళకి ఎనిమిదేనా" అని మళ్ళీ అనుమానం. తొందరపాటు. కొత్త క్యుములేటివ్ వచ్చినప్పుడు పాతదాని పేరు ఆ లిస్ట్ నుంచి తప్పుకుంటుంది. అది చిన్నగా ఉండటమే మామూలు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్‌ఇన్ఫో. దాంట్లో ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్ అని ఒక లైన్ ఉంటుంది. మాకు 2021 జూన్ చూపించింది. కంప్యూటర్ కొన్నది 2019. గుండె జారింది, 2021లో ఇంకెవడో చెయ్యి పెట్టాడా అని. అదేం కాదు. విండోస్‌లో నెలనెలా వచ్చేవి కాక, వెర్షన్ మొత్తం మార్చే పెద్ద అప్‌డేట్లు ఉంటాయి, ఫీచర్ అప్‌డేట్లు అంటారు. వాటిలో పూర్తి సైజువి పడినప్పుడు సిస్టమ్ దాన్ని కొత్త ఇన్‌స్టాలేషన్‌గానే లెక్కేసుకుంటుంది, ఆ తేదీనే "ఒరిజినల్" అని రాసుకుంటుంది. హిస్టరీ లిస్ట్ కూడా అప్పుడు మొదటి నుంచి మొదలవుతుంది. మీ ఇంట్లో హిస్టరీ మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఒక పెద్ద అప్‌డేట్ వచ్చి వెళ్ళిందా అని.

కానీ నాకు కావాల్సింది వేరే. 2021 జూన్ అంటే, 2024 అక్టోబర్‌లో ఎవరూ విండోస్ మళ్ళీ ఎక్కించలేదు. అన్న మీద నేను వేసిన సగం కేసు అక్కడే కొట్టుకుపోయింది.

మిగతా సగం కోసం చిట్టా తెరిచా. ఈవెంట్ వ్యూయర్. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే దాన్ని తీసుకుని, సోర్స్ విండోస్ అప్‌డేట్ క్లయింట్ అని ఫిల్టర్ పెడితే, ప్రతి అప్‌డేట్‌కీ ఒక లైన్. నంబర్ 19 ఉంటే విజయవంతంగా పడింది, 20 ఉంటే ఫెయిల్ అయింది. ఈ చిట్టాకి సైజు పరిమితి ఉంటుంది, నిండాక పాత పేజీలు చింపేసి కొత్తవి రాసుకుంటుంది. మా కంప్యూటర్ రోజుకి రెండు మూడు గంటలే ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్ళగలిగా. ఏప్రిల్, మే, జూన్, జులై, ఆగస్టు, సెప్టెంబర్. నెలకొకటి చొప్పున 19లు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అదే డిస్క్. అదే విండోస్. అన్న దాన్ని ముట్టుకోలేదు.

అక్టోబర్‌లో మాత్రం 13వ తేదీ రాత్రి వరసగా మూడు 20లు. ఫెయిల్, ఫెయిల్, ఫెయిల్. 14 పొద్దున ఒక 19. కేబీ 5044273. హిస్టరీ లిస్ట్‌లో మొట్టమొదటిది అదే.

మరి 13 రాత్రికీ 14 పొద్దునకీ మధ్య ఏం జరిగింది? సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూశా. క్రియేటెడ్: 2024 అక్టోబర్ 13, రాత్రి 11 గంటల 52 నిమిషాలు. దాని కిందే ఇంకో ఫోల్డర్. పేరు అదే, చివర చుక్క పెట్టి "ఓల్డ్".

ఆ చుక్క ఓల్డ్ చూడగానే నాకు అంతా గుర్తొచ్చింది. దసరా సెలవుల చివరి రాత్రి. తెల్లారితే బస్సు. అప్‌డేట్ పడట్లేదు, ఎర్రర్ కోడ్ వస్తోంది. ఫోన్‌లో వెతికి, దొరికిన నాలుగు కమాండ్లు కాపీ కొట్టా. అప్‌డేట్ సర్వీస్ ఆపు, ఆ ఫోల్డర్ పేరు మార్చు, సర్వీస్ మళ్ళీ మొదలుపెట్టు. విండోస్‌కి ఆ పేరుతో ఫోల్డర్ కనపడకపోతే కొత్తది తనే తయారు చేసుకుంటుంది, ఖాళీది. తర్వాత అప్‌డేట్ చక్కగా పడింది. నేను హీరోలా పడుకుని పొద్దున్నే బస్సెక్కా. నాన్నకి చెప్పలేదు. ఎక్కడా రాసుకోలేదు. మూడు నెలలకి నేనే మర్చిపోయా.

ఆ రిపేర్ తప్పని నేను అనట్లేదు. అప్‌డేట్ ఇరుక్కున్నప్పుడు ఆ ఫోల్డర్ పేరు మార్చడం అందరికీ తెలిసిన పద్ధతి, పనిచేస్తుంది కూడా. నా గొడవ అలవాటుతో. ముందు చెరిపెయ్, తర్వాత చూద్దాం అనే అలవాటు. స్లోగా ఉందా, క్లీనర్ వేసెయ్. ఎర్రర్ వచ్చిందా, ఫోల్డర్ తీసెయ్. ఇంకా రాలేదా, ఫార్మాట్ కొట్టెయ్. ప్రతి స్టెప్‌లోనూ జబ్బుతోపాటు, జబ్బు ఎందుకొచ్చిందో చెప్పే కాగితాలు కూడా తగలబెట్టేస్తున్నాం. ఫార్మాట్ కొడితే బాగైపోతుంది నిజమే. ఎందుకు పాడైందో మాత్రం ఇక ఎప్పటికీ తెలియదు, అది మళ్ళీ వస్తుంది.

కాలేజీలో మనం ఇలా ఉండం, అదే విచిత్రం. ప్రాజెక్ట్‌లో గిట్ కమిట్ మెసేజ్ "ఫైనల్ ఫైనల్ 2" అని పెడితే సీనియర్లు ఎలా ఏడిపిస్తారో తెలుసు కదా. హిస్టరీ తుడిచేసేలా ఫోర్స్ పుష్ చేస్తే టీమ్ మొత్తం మీద పడుతుంది. అంత నిష్ఠగా ఉండే మనమే ఇంటికెళ్ళి అమ్మానాన్నల కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులతో ఊరూపేరూ లేని కమాండ్లు కొట్టేసి వచ్చేస్తాం. ఎందుకంటే అక్కడ మనల్ని అడిగేవాళ్ళు లేరు. ఇంట్లో మనమే ఎక్స్‌పర్ట్.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. శనివారం నేను చెప్పిన కథకి ఆధారం ఒక్క లిస్ట్, రెండు తేదీలు. అది నాన్న వెంటనే నమ్మేశారు, ఎందుకంటే చెప్పింది బీటెక్ చదివే కొడుకు. అన్న చెప్పింది నిజం, కానీ నమ్మలేదు, ఎందుకంటే అతను ఐటీఐ, అతని దగ్గర కాగితం లేదు. అతను ఏం మార్చాడో ఒక చీటీ మీద రాసిచ్చుంటే ఈ గొడవ ఉండేది కాదని మీరు అనొచ్చు. నిజమే, రాయాలి. మరి నేను రాశానా? లాగ్ ఫైళ్ళ గురించి పరీక్షల్లో పది మార్కులకి రాసిన వాణ్ణి.

ఆ ఓల్డ్ ఫోల్డర్‌ని మళ్ళీ పాత పేరుతో పెడదామా అని కూడా ఆలోచించా. కొత్త పుస్తకం తీసి పాత పుస్తకం పెడితే ఈసారి అక్టోబర్ తర్వాతవి పోతాయి. వదిలేశా.

ఆదివారం రాత్రే నాన్నకి చెప్పేశా. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "రేపు భోగి, షాపు తియ్యడు. పండగైనాక ఇద్దరం వెళ్దాం" అన్నారు. ఆ మూడు రోజులు అరిసెలు కూడా సరిగ్గా దిగలేదు. ఇంకో తమాషా ఏంటంటే, విండోస్ నెలవారీ అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది. ఆ నెల రెండో మంగళవారం సరిగ్గా సంక్రాంతి రోజే. అమెరికా పొద్దున మనకి రాత్రి కాబట్టి మా కంప్యూటర్‌లో కనుమ నాడు పడింది. ఈసారి లిస్ట్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నా.

గురువారం, 16వ తేదీ, షాపుకి వెళ్ళాం. నాన్న "మావాడిదే పొరపాటయ్యా, ఏమనుకోకు" అన్నారు. నేను "సారీ అన్నా" అని, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ కథంతా మొదలుపెట్టబోయా. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది సరేలే. ప్రింటర్ పని చేస్తోందా?"

లేదన్నా. ఈ గొడవలో పడి ప్రింటర్ సంగతే మర్చిపోయాం.

"పండగకి ఇల్లు దులిపారా?"

దులిపాం. డిసెంబర్ ఆఖర్లోనే. నాన్నే వైర్లన్నీ పీకి, తుడిచి, మళ్ళీ పెట్టారు.

"ప్రింటర్ వైరు వేరే రంధ్రంలో పెట్టుంటారు సార్. అప్పుడు దాన్ని ఇంకో ప్రింటర్ అనుకుని కాపీ వన్ అని చేరుస్తుంది. మీరు ఇచ్చే ప్రింట్లు పాతదానికి పోతుంటాయి. చూసుకోండి."

ఇంటికొచ్చి చూస్తే నిజంగానే రెండు ప్రింటర్లు. ఒకటి ఆఫ్‌లైన్, దాని క్యూలో ఎరువుల బిల్లులు పంతొమ్మిది. పక్కన కాపీ వన్, ఖాళీగా. అప్‌డేట్‌కీ దానికీ సంబంధమే లేదు.

ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ టేబుల్ మీద ఒక పాత డైరీ ఉంటుంది. కంప్యూటర్ చిట్టా అని అట్ట మీద నాన్న రాశారు. ఎవరు ఏం చేసినా తేదీ వేసి ఒక లైన్ రాయాలి, తెలుగులోనే, ఎందుకంటే నాన్న, అమ్మ, షాపు అన్న అందరూ చదవాలి. నేను మొదటి పేజీలో పాత తేదీ వేసి, 2024 అక్టోబర్ 13న నేను చేసింది మూడు లైన్లలో రాశా. దాని కింద నాన్న చేతిరాత:

"16-1-2025. ప్రింటరు వైరు వెనక వైపు పై రంధ్రం. ఎవరూ మార్చరాదు."